పెద్దాయన మూయని బగ్

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. కుర్చీలన్నీ ఖాళీ అయినా ఈ కథ ఆగదు. దీన్ని తలదన్నే కథ చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

లిఫ్టులు నడిపే సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు అది. ఆరో అంతస్తు. ఆదివారం సాయంత్రం, బయట వాన, లోపల ప్రోగ్రామర్ ఒక్కతే. ప్రోగ్రాముల్లోని తప్పుల్ని, అంటే బగ్‌లని, రాసిపెట్టే కాలం చెల్లిన బగ్ ట్రాకర్‌ని పీకేసి, అందులోని బగ్‌లన్నీ కొత్తదాంట్లోకి చేర్చాలి. పది ఏనుగులు లాగలేని బరువు, వారాల తరబడి ఒంటిచేత్తో లాగుతోంది. కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది.

ఫోన్లో భర్త అడిగాడు. "పాప పడుకునేలోగా వస్తావా?"

"ఒక్క బగ్ మిగిలిందండీ. అది మూసేస్తే వచ్చేస్తా."

"పోయిన ఆదివారమూ ఒక్కటే అన్నావు. పిల్లల్ని పెడుతోందా ఏంటి అది?"

ఆ ఆఫీసులో ఓ కట్టుబాటు ఉంది. బగ్‌ని కనిపెట్టి ట్రాకర్లో రాసినవాళ్ళే, అది సరిచేశాక మళ్ళీ పరీక్షించి, పోయిందని తేలితేనే మూయాలి. దీన్ని రాసింది పెద్దాయన, నిరుడు చనిపోయిన టెస్టర్. 'లిఫ్టు రాకుండానే తలుపు తెరుచుకుంటోంది.' ప్రోగ్రామర్లు సరిచేశామన్నారు. అది పరీక్షించి చూసేలోగానే ఆయన పోయాడు.

పెద్దాయన పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. ఆమె ఆయన పేరుతోనే లోపలికెళ్ళి, ఏదీ పరీక్షించకుండా మూసేసింది.

లైట్లు ఆరిపోయాయి. మనిషి కదిలితే వెలిగే లైట్లవి. చెయ్యి ఊపింది. వెలగలేదు... దూరంగా ఒక్కటి వెలిగింది. పెద్దాయన కూర్చునే కుర్చీకి సరిగ్గా పైన. ఆయన మోకాళ్ళకు రాసుకునే మందు వాసన.

స్క్రీన్ మీద బగ్ మళ్ళీ తెరుచుకుంది. కింద ఒక్క మాట. 'చూడలేదు కదమ్మా.'

భయపడే ఓపిక కూడా లేదామెకు. మళ్ళీ మూసింది. పాత ట్రాకర్‌ని ఆపేసింది. సంచీ తగిలించుకుని లిఫ్టు వైపు నడిచింది. వెనక లైట్లు ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చాయి. ఎవరో వెంట నడుస్తున్నట్టు...

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఫోన్లో పాప ఫోటో చూస్తూ అడుగు ఎత్తింది.

భుజాన ఉన్న సంచీ ఆమెను వెనక్కి లాగింది.

ఎదురుగా లిఫ్టు లేదు. చీకటి. కింది నుంచి చల్లటి గాలి.

చెవి దగ్గర గుసగుస. "ఇప్పుడు చూశావా?"

ఇంటికి మెట్లు దిగే వెళ్ళింది. పాప అప్పటికే పడుకుంది. మర్నాడు కొత్త ట్రాకర్లో ఆ బగ్ తెరిచే ఉంది. కింద ఆమె పేరుతో, ఆమె రాయని మాట. 'పరీక్షించాను. ఇంకా ఉంది.'

లిఫ్టు దగ్గరి కెమెరా రికార్డింగు తీసి చూశారు. సంచీ పట్టీ ఎవరో వెనక్కి లాగినట్టు బిగుసుకుని ఉంది, వెనక ఎవరూ లేరు. కానీ తలుపు గడప మీద, లోపలి చీకట్లోంచి పైకి పాకిన నాలుగు వేళ్ళు... ఆమె పాదానికి జానెడు దూరంలో.

అబద్ధమంటారా? ఆ వీడియో చూసిన వాచ్‌మన్ ఉన్నాడు, అడగండి. అప్పట్నుంచి ఆరంతస్తులూ కాలినడకనే ఎక్కుతాడు. పేరు మెట్ల మావయ్య.