మెహర్ పరిచిన పొర

2006 వేసవిలో ఒక ఉదయం. హయాత్ ఇంట్లో పొయ్యి మీద టీ ఇంకా దించలేదు. గుంటూరు ఆటోనగర్‌లో ఆయనకు మెటల్ స్ప్రే షెడ్డు ఉంది. పత్తి జిన్నింగ్ మిల్లుల్లో అరిగిపోయిన షాఫ్టుల మీద కరిగిన లోహం చిమ్మి, మళ్లీ పనికొచ్చేలా చేస్తారు. ఇంజినీరింగ్ అవగానే కూతురు మెహర్ కూడా ఆ షెడ్డులోనే చేరింది.

హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కంపెనీ ఇంజినీరు వరండాలో కూర్చుని మెహర్ అన్న అనీస్ చెయ్యి పట్టుకున్నాడు. "సుద్దమట్టి ఉపాయం మీదేనటగా. మా దగ్గర చేరిపోండి" అన్నాడు. కప్పులతో వస్తున్న మెహర్ గుమ్మంలోనే ఆగిపోయింది.

కొలిమి పొగల వేడిని పట్టి గాలికి అందించే యంత్రం కోసం ఆ కంపెనీ స్పాంజిలా నిండా రంధ్రాలున్న నికెల్ ముక్కలు పంపింది. రెండు కొసలూ తెరిచి ఉంచి, వాటి చుట్టూ గాలి చొరని పొర వేయాలి. ఎప్పుడు చిమ్మినా లోహం లోపలికి దిగి రంధ్రాలు పూడిపోయేవి. ముందు సుద్దమట్టి కూరి, ఆరాక పైన చిమ్మి, తర్వాత మట్టిని కడిగేసింది మెహరే. పొర చర్మంలా నిలిచింది. ఆ రోజు అనీస్ షెడ్డు వైపే రాలేదు.

ఇంజినీరు వెళ్లాక ఆమె తండ్రిని నిలదీసింది. అనీస్ చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

"ఆయన్నడక్కు. నేనే అలా చెప్పించాను" అంది తల్లి ఖైరున్నీసా.

తండ్రి పనే అయితే మెహర్ ఓర్చుకునేదేమో. బంధువులంతా వద్దన్నా తనను ఇంజినీరింగ్‌లో చేర్పించింది ఈ అమ్మే.

"వాడికి ఏ పనీ అచ్చిరాలేదే. నీకేం, చదువుంది. నువ్వు చేసింది అబ్బాకి సాయమేగా, వాడి పేరు చెబితే ఏం పోయింది?"

"సాయమా అమ్మీ? నేనేం చేస్తున్నానో ఒక్కసారైనా వచ్చి చూశావా?"

మధ్యాహ్నం ఖైరున్నీసా బురఖా వేసుకుని మొదటిసారి షెడ్డుకొచ్చింది. మెహర్ నల్లద్దాలు పెట్టుకుని, మంట కక్కే గన్ను పట్టి పని చేసుకుపోయింది. రవ్వల మధ్య కూతురు బెదరకుండా నిలబడటం తల్లి చూసింది. చివరికి మెహర్ కడిగిన ముక్కను ఒక కొస నుంచి ఊదింది. రెండో కొస దగ్గర తల్లి అరచేతికి ఆ ఊపిరి తగిలింది.

"సాయమే అనుకున్నానమ్మా. ఏమిచ్చేస్తున్నానో తెలియకుండానే ఇచ్చేశాను."

ఇంజినీరుకు ఫోన్ చేయమని తల్లి అంటే, కొడుక్కి ఉద్యోగం పోతుందని హయాత్ వెనకాడాడు. ఆమే ఫోన్ అందుకుంది. "అది మా అమ్మాయి మెహర్ పనండి. అబద్ధం నాది" అంది.

మెహర్ గ్లవ్స్ తీసి, తల్లి బురఖా అంచుకు అంటిన లోహపు పొడి దులపసాగింది. దులుపుతుంటే ఏడుపొచ్చేసింది.