తొమ్మిదో నంబరు జత

గురువారం రాత్రి తొమ్మిదింబావుకి బౌలింగ్ హాల్లో, ఐదో లేన్ దగ్గర కూర్చుని వయొలిన్ వింటున్న స్కూలు బస్సు డ్రైవరు ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు.

శుక్రవారం ఉదయం ఆరింటికి అతని భార్య పోలీస్ స్టేషన్‌కి వచ్చింది. చేతిలో మాత్రల స్ట్రిప్ ఉంది.

నెల కిందట అతని గుండెకి స్టెంట్ వేశారు. రక్తం గడ్డ కట్టకుండా పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. ఒక్కపూట కూడా తప్పకూడదని డాక్టరు చెప్పాడు. తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాడు. రాత్రి మాత్ర స్ట్రిప్‌లోనే ఉంది.

హాలు తెరిచే వేళకి డ్యూటీ కానిస్టేబుల్ అక్కడికి ఫోన్ చేశాడు. అద్దె బూట్లు తిరిగిచ్చి, సొంత బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడని అక్కడివాళ్ళు చెప్పారు. అతను అదే రాసుకున్నాడు. అలిగిన మగవాళ్ళు ఆకలేస్తే వాళ్ళే వస్తారని ఆమెకి ధైర్యం చెప్పాడు.

ఆమె కదల్లేదు. ఎనిమిదిన్నరకి ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి అదే బెంచీ మీద ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంట్లో గొడవేమైనా?"

"లేదు మేడమ్."

"ఫోన్?"

"ఇంట్లోనే వదిలేసి వెళ్ళారు. పాట మధ్యలో మోగితే ఆయనకి గిట్టదు."

"ఎవరితో వెళ్ళారు?"

"మా తమ్ముడితో. వాడు తొమ్మిదింబావుకి ఒక్కడే వచ్చేశాడు."

తమ్ముడు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అక్క వైపు చూడటం లేదు. ఇన్‌స్పెక్టర్ అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. ఇద్దరూ మూడు ఆటలు ఆడారు. మూడూ తనే గెలిచాడు. బావ బస్సు తిన్నగా నడుపుతాడు గానీ, బంతి మాత్రం పక్క కాలవలోకే పోతుంది. ప్రతి గురువారం ఆ హాల్లో వయొలిన్ మాస్టారి రికార్డులు వేస్తారు. మాస్టారు పోయి ఏడాదైంది. రికార్డు రెండో వైపు ఇంకా మిగిలి ఉందని బావ కూర్చుండిపోయాడు. తనకి నిద్రొచ్చి లేచి వచ్చేశాడు.

"గుండె ఆపరేషనైన మనిషిని వదిలేసి ఎలా వచ్చావురా?" అంది అక్క.

"పాట మొదలైతే భూకంపం వచ్చినా లేవడక్కా. నీకు తెలీదా?"



తొమ్మిదిన్నరకల్లా ఆసుపత్రుల నుంచి జవాబు వచ్చింది. ఆ పోలికలున్న మనిషి ఎక్కడా చేరలేదు. మార్చురీలోనూ లేడు. స్కూలు నుంచి ఇద్దరు తల్లులు ఫోన్ చేశారు. పిల్లలు గేటు దగ్గర బస్సు మామయ్య కోసం చూస్తున్నారట. పద్నాలుగేళ్ళలో ఆయన చెప్పకుండా మానింది లేదు.

పదింటికి ఇన్‌స్పెక్టర్ హాలుకి వెళ్ళింది. అక్కాతమ్ముళ్ళు వెనకే వచ్చారు.

ఎనిమిది లేన్లు. చివర, బంతితో పడగొట్టే పిన్నుల్ని మళ్ళీ నిలబెట్టే మెషీన్లు. గుమ్మం దగ్గర కౌంటరు. వచ్చినవాళ్ళు సొంత బూట్లు అక్కడ అరలో పెట్టి, నున్నటి అడుగు ఉన్న అద్దె బూట్లు తొడుక్కోవాలి. వెళ్ళేటప్పుడు ఇవి బల్ల మీద పెట్టి, అవి తీసుకోవాలి.

"ఆయన బూట్లు తిరిగివ్వడం నువ్వు చూశావా?"

కౌంటరు అమ్మాయి తడబడింది. "చూడలేదు మేడమ్. నేను తొమ్మిదిన్నరకే వెళ్ళిపోయాను. పొద్దున వచ్చేసరికి ఆయన అర ఖాళీ. బల్ల మీద ఆయన సైజు, తొమ్మిదో నంబరు జత ఉంది."

"రాత్రి తాళం వేసిందెవరు?"

"మెకానిక్. గురువారాలు అతనే వేస్తాడు."

మెకానిక్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. పదింటికి తాళం వేశానని, అప్పటికి లోపల ఎవరూ లేరని చెప్పాడు. డ్రైవరు ఎప్పుడు వెళ్ళాడో గమనించలేదన్నాడు. అడగకముందే, మెషీన్లు చెడిపోయాయి, ఈ రోజు ఆట లేదు అని కూడా చెప్పాడు.

"ఎనిమిదీ చెడిపోయాయా?"

"కరెంటు సమస్య మేడమ్."

కౌంటరు వెనక గోడకి ఒక ఫొటో ఉంది. పదిహేడేళ్ళ కుర్రాడు, రెండు చేతుల్లో రెండు పిన్నులు, వెనక ఇటుక గోడ. గోడ మీద ఏవో గీతలు.

అది మాస్టారి ఫొటో అని హాలు యజమాని చెప్పాడు. మెషీన్లు రాకముందు పిన్నులు చేత్తో నిలబెట్టేవారు. మాస్టారు అప్పుడు ఇక్కడ ఆ పని చేశాడు. ఆట ఆటకీ మధ్య గోడ మీద బొగ్గుతో స్వరాలు రాసుకునేవాడు.

"ఆ గోడ ఇంకా ఉందా?"

"మెషీన్ల వెనక గదిలో ఉంది. నాలుగు మెట్లు దిగాలి. ఎవరినీ పోనివ్వం. పోనిచ్చినవాడు మళ్ళీ పనిలో ఉండడు."

ఇన్‌స్పెక్టర్ భార్య వైపు తిరిగింది. "ఈ గోడ గురించి మీ ఆయనకి తెలుసా?"

"ఏడాదిగా అదే ధ్యాస. రెండుసార్లు అడిగారు, ఓనరుగారు కుదరదన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదని నవ్వేవారు."

ఇన్‌స్పెక్టర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. రాత్రి తిరిగొచ్చిన బూట్లు వరసగా ఉన్నాయి. అన్నిటి లేసులూ వదులయ్యాయి. నాలుకలు బయటికి వేలాడుతున్నాయి. ఆమె ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, తొమ్మిదో నంబరు జత దగ్గర ఆగింది. రెండు బూట్లనీ కలిపి ఒకే ముడి వేసి ఉంది.

"ఇలా ఎవరు కడతారు?"

"నేనే మేడమ్," అంది కౌంటరు అమ్మాయి. "శుభ్రం చేశాక జత విడిపోకుండా కట్టి అలమరాలో పెడతాను."

"ఆ అలమరా ఎక్కడ?"

"మెకానిక్ గదిలో."

ఇన్‌స్పెక్టర్ ఆ జతని అందరికీ కనబడేలా పైకెత్తింది. టైము పదీ నలభై.

"ఈ ముడి విప్పకుండా ఈ బూట్లు ఎవరైనా తొడుక్కోగలరా?"

కౌంటరు అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"రాత్రి ఈ జతని ఎవరూ వాడలేదు. ఆయన సైజే కదా అని అలమరాలోంచి ఇంకో జత తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆయన సొంత బూట్లు అరలోంచి తీసి దాచారు. మనిషి వెళ్ళిపోయాడని మనం నమ్మాలి, అందుకు. నిజంగా వెళ్ళిపోయి ఉంటే ఈ పని ఎవరికీ అవసరం లేదు. ఆయన కాళ్ళకి ఇంకా మీ బూట్లే ఉన్నాయి. ఆయన లోపలే ఉన్నాడు." ఆమె మెకానిక్ ముందు చెయ్యి చాపింది. "ఆ ఇటుక గోడ ఉన్న గది తాళంచెవి ఇవ్వు."

మెకానిక్ జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ఏడాదిగా బతిమాలాడు మేడమ్. ఒక్క నిమిషం చూసి వస్తానన్నాడు. సరేనన్నాను. మెట్ల మీద నూనె ఉంది. ఆ బూట్లు జారాయి. తల కొట్టుకుంది. పిలిచాను, పలకలేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను."

"పెడితే?"

"నా చెయ్యే వణుకుతోంది. ఏం తెలుస్తుంది? పోయాడనుకున్నాను. లైటు ఆపి తాళం వేశాను. పొద్దున ఆ తలుపు దగ్గరికి వెళ్ళలేకపోయాను. మెషీన్లు ఆన్ చెయ్యలేకపోయాను."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే లేన్ పక్కనుంచి పరిగెత్తుతోంది. తమ్ముడు ఆమెని దాటిపోయాడు.

ఇనపతలుపు లోపలికి అంగుళం తెరుచుకుని ఆగింది. అవతల ఏదో అడ్డం ఉంది. తమ్ముడు సందులో చెయ్యి పెట్టి తడిమాడు. బూటు తగిలింది. బూటు కదిలింది. ఆ కాలిని మెల్లగా పక్కకి జరిపి తలుపు తోశాడు.

డ్రైవరు నాలుగు మెట్లూ పాకి తలుపు దాకా వచ్చాడు. కుడికాలు విరిగింది. చెవి పక్కన నెత్తురు గడ్డకట్టింది. అరిచి అరిచి గొంతు పోయింది. తమ్ముడు భుజం కింద చెయ్యి వేసి ఎత్తాడు.

"చూశావా బావా, గోడ?"

డ్రైవరు పెదవులు కదిపాడు. తమ్ముడు చెవి దగ్గర పెట్టాడు.

"చీకట్లో ఏం కనిపిస్తుందిరా."

భార్య స్ట్రిప్ చింపి మాత్ర ఆయన నోటి దాకా తీసుకెళ్ళింది. అప్పుడే వచ్చిన అంబులెన్స్ అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తలకి దెబ్బ ఉందమ్మా. లోపల నెత్తురు కారుతుంటే ఈ మాత్రే ప్రాణం తీస్తుంది. స్కాన్ అయ్యేదాకా వద్దు."

"ఇది వెయ్యకపోతే గుండె ఆగిపోతుందన్నారు బాబూ."

"తెలుసమ్మా."

ఆమె మాత్రని పిడికిట్లో పెట్టుకుని అంబులెన్స్ ఎక్కింది.

మెకానిక్ టూల్ పెట్టెలో డ్రైవరు బూట్లు దొరికాయి. పదకొండున్నరకి మెకానిక్‌ని అరెస్టు చేశారు. జీపు ఎక్కేముందు అతను ఒకటే అడిగాడు, ఆయన బతుకుతాడా అని. ఇన్‌స్పెక్టర్ తనకి తెలీదని చెప్పింది.

స్కాన్ రిపోర్టు ఒంటిగంటన్నరకి వచ్చింది. తలలో రక్తస్రావం లేదు.

ఒంటిగంటా నలభైకి, డాక్టరు ఎదురుగా, ఆయన మాత్ర మింగాడు.