రెండో పేరుకు అనుమతి

కారు లైట్లు ఆరిపోయాయి!

ఇంజను మాత్రం ఇంకా గురగురమంటూనే ఉంది.

వడ్డేపల్లి దాటాక, పత్తి చేను గట్టు చాటున బోర్లా పడుకుని చూస్తోంది శైలజ. మోచేతుల నిండా మట్టి. చేను అవతల మణెమ్మ వదిలేసిన పాడుబడ్డ రేకుల ఇల్లు. అందులో ఎవరూ లేరు.

ఆ సంగతి కారులో వచ్చినవాళ్లకు తెలియదు.

"కదలకు బిడ్డా," పక్కనే గుసగుసగా అన్నాడు హెడ్ కానిస్టేబుల్ శంకరయ్య. "దిగనీ. తలుపు ముట్టనీ. అప్పుడు పడ్తం మీద."

"మీవోళ్లు యాడున్నరు సార్?"

"రోడ్డు మీద జీపుల. సీటీ కొడ్తే ఉరికొస్తరు."

ఇంటి దగ్గర అడుగుల గుర్తులు పడితే దొంగలు పసిగడతారని, శంకరయ్య ఎవర్నీ అటువైపు పోనీయలేదు.

రేపు తమ్ముడు యోహాను కోర్టులో సాక్ష్యం చెప్పాలి. కాలువ పనికి వలసపోయిన చోట మట్టిపెళ్ల కూలింది. కింద ఇంకా ఊపిరితో ఉన్న తోటి కూలీని పైకి తీయకుండా, అలాగే పూడ్పించాడు కాంట్రాక్టరు. కళ్లారా చూసి బతికి బయటపడింది యోహాను ఒక్కడే. ఆ కళ్లు మూయించాలని కాంట్రాక్టరు పంతం.

తమ్ముణ్ణి వనపర్తిలో పాస్టరుగారింట్లో దాచింది శైలజ. పిట్టకు కూడా చెప్పలేదు.

అప్పుడొచ్చింది ఆ మెయిలు! 'మీ తమ్ముడి కేసు వార్తలు ఇక్కడ చూడండి.' ముక్కూ మొహం తెలియని పేరు. కింద ఒక లింకు.

గద్వాలలో నెట్ సెంటరు నడుపుతుంది శైలజ. అక్కడ ఆమె కట్టడి ఒకటే... బ్రౌజరులో ఏ సైటుకైనా ముందు స్క్రిప్టులు, అంటే సైటు మన కంప్యూటర్లో చాటుగా నడిపే చిన్న ప్రోగ్రాములు, బంద్! నమ్మిన సైటు పేరు పక్కన మాత్రమే 'అలౌ' నొక్కి అనుమతి ఇస్తుంది. "ఏంది మేడం, ఒక్కటీ ఆడ్తలేదు!" అని కుర్రాళ్లు ఎంత గొడవ చేసినా ససేమిరా అంటుంది.

ఆ లింకు నొక్కితే కింద పట్టీలో, అనుమతి అడుగుతూ రెండు సైట్ల పేర్లు కనిపించాయి. ఒకటి వార్తలది. రెండోది ఎన్నడూ వినని పేరు!

రెండోదాన్ని గడప బయటే నిలబెట్టింది. తర్వాత ఉత్తుత్తి మెయిల్ ఖాతా ఒకటి తెరిచి, అందులో నాలుగు ఉత్తరాలు పెట్టి, ఆ రెండో పేరును రానిచ్చి చూసింది. అంతే! కాసేపటికే ఎవరో దొంగచాటుగా ఆ ఖాతాలో దూరి ఉత్తరాలన్నీ తిరగేశారు.

కోపంతో ఒళ్లు మండింది. భయంతో చల్లబడింది.

"ఎవడో పట్టియ్యనా సార్?" అంది శంకరయ్యతో.

ఈ ఉదయం తన అసలు మెయిలు తెరిచి తమ్ముడికి రాసినట్టు ఒక ఉత్తరం పెట్టింది. 'వడ్డేపల్లి అవతల మణెమ్మ పాత ఇంటికి పో. చీకటి పడినంక నేనొస్త.' అదే ఎర. ఆ తర్వాత రెండో పేరు మీద బాణం గుర్తు పెట్టింది. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టే.

అయినా నొక్కింది... అలౌ!

ఇప్పుడు కారు వచ్చింది.

కారు తలుపు తెరుచుకుని లోపలి లైటు వెలిగింది. ఒక బక్కపలచటి మనిషి దిగాడు. చేతిలో తుపాకి!

వెనక ఇంకొకడు... కళ్లజోడు, నల్లకోటు.

శైలజ తల పైకెత్తి చూసింది.

లాయరు కురుమూర్తి! కాంట్రాక్టరు మీద ఈ కేసు వేసిందే ఆయన. పైసా ఫీజు వద్దన్న దేవుడు. నిన్న సాయంత్రం కూడా ఇంటికొచ్చి అమ్మ ఏసమ్మ చేతి చాయ్ తాగి, "పిల్లగాడు పైలమేనా?" అని అడిగిన మనిషి. కంచే చేను మేసింది!

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు బిడ్డా," శంకరయ్య పళ్లు కొరికాడు. "నువ్వు పట్టినవ్!"

సీటీ నోటికి ఆనించుకున్నాడు.

అంతలో...

ఇంట్లో వెలుగు!

కిటికీ సందులోంచి సెల్‌ఫోన్ వెలుతురు కదిలింది.

శంకరయ్య చెయ్యి ఆగిపోయింది. "ఇంట్ల ఎవ్వరు లేరంటివి గద!"

"లేరు సార్... ఎవ్వరు లేరు..."

మాట మధ్యలోనే తెగింది. అప్పుడు గుర్తొచ్చింది.

అక్కాతమ్ముళ్లకు మెయిలు ఖాతా ఒక్కటే! వలసపోయే రోజున వాడికి వేరే ఖాతా ఎందుకులే అని తన పాస్‌వర్డే చెప్పింది. కోర్టు అయ్యేదాకా నెట్ జోలికి పోవద్దని వాడికి మరీ మరీ చెప్పింది కూడా. కానీ అక్క ఏమైనా రాసిందేమోనని వాడు చూడకుండా ఉంటాడా!

తలుపు కిర్రుమంది.

"అక్కా... వచ్చినవా?" చీకట్లోకి కళ్లు చికిలిస్తూ గడపలో నిలబడ్డాడు ఒక యువకుడు. "నీ మెయిలు జూసి పొద్దుగాలనే బస్సెక్కిన..."

తుపాకి లేచింది. కానీ పేలలేదు.

"వాడేనా?" అన్నాడు బక్కపలచటివాడు.

"మొఖం కనవడ్తలేదు, ఆగు," అన్నాడు కురుమూర్తి. "ఇంకెవడన్న అయితే అంత ఖరాబైతది."

శంకరయ్య ఆమె భుజం అదిమిపట్టాడు. శైలజ విదిలించుకుని లేచింది. పత్తి మొక్కలు తొక్కుకుంటూ పరిగెత్తింది. గుండెలవిసేలా అరిచింది.

"యోహానూ! లోపలికి పో!"

ఆ పేరు వినగానే కురుమూర్తి తల తిప్పి ఆమె వైపు చూశాడు. తర్వాత గడపలోని కుర్రాడి వైపు చూశాడు.

"వాడే," అన్నాడు.

ఢాం!