ఊదా రంగు ట్యూబులు, మిర్చి బజ్జీలు

"ఏందిది? ఎవరు చేసిండ్రు గీ పని?"

నవత గొంతుకి ల్యాబ్ మొత్తం ఉలిక్కిపడింది. మొత్తం అంటే ప్రాజెక్టులో ఆమెకి సాయం చేస్తున్న విష్ణువర్ధన్ ఒక్కడే. మబ్బు పట్టిందని మిగతావాళ్ళు ఎప్పుడో ఇళ్ళకి జారుకున్నారు.

"నేనేనండి," అన్నాడు బయటికెళ్ళి అప్పుడే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డ విష్ణు. "కిటికీ దగ్గర పెట్టాను. అన్నీ పసుపు రంగుకి తిరిగాయి. మందులన్నీ పాసైనట్టేగా?"

వాపు తగ్గించే మందులకి యాంటీఆక్సిడెంట్ గుణం ఉందా అన్నది నవత ఎం.ఫార్మ్ ప్రాజెక్టు. ఊదా రంగు ద్రావణంలో మందు కలిపితే, ఆ గుణం ఉంటే అది పసుపు రంగుకి తిరుగుతుంది.

"మందు వెయ్యని ట్యూబు సుత పసుపైంది. అది గూడ పాసా?"

విష్ణు వంగి ఆ ట్యూబు వైపు చూశాడు.

"వెలుగు తగిల్తే ఉత్తగనే రంగు పోతది. ఫాయిల్ చుట్టుమన్న గద! రేపు గైడు కల్పలత మేడమ్‌కు రీడింగులు చూపియ్యకుంటే సెమినార్ల నా పేరు తీసేస్తది. ఫాయిల్ ఏడున్నది?"

విష్ణు చేతిలోని పొట్లం తళతళ మెరిసింది.

"బజ్జీలు చల్లారిపోతాయని... మీకోసమేనండి."

బయట వాన మొదలైంది. నవతకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"అండి గిండి బంద్ చెయ్. చెయ్యి కడుక్కొని రా."

ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. ఒక్కో మందుకి మూడు ట్యూబులు.

"ఒక్కటి సరిపోదా?"

"ఒక్కసారి వచ్చింది నమ్మరాదు. మూడు ఒక్క తీరుగ రావాలె."

ట్యూబుల్ని చీకటి బీరువాలో పెట్టి, అరగంట వరండాలో కూర్చున్నారు. కోపం కోపమే, బజ్జీలు బజ్జీలే.

"నాకు బజ్జీలిష్టమని ఎవరు చెప్పిండ్రు?"

"వాన మబ్బు పట్టినప్పుడల్లా నువ్వు గేటు దగ్గరి బండివైపు చూస్తావుగా."

"అంటే నువ్వు నన్ను చూస్తున్నవన్నట్టు!"

విష్ణుకి పొలమారింది. మిరపకాయదే తప్పన్నాడు.

అరగంట కాగానే నవత భయపడుతూ బీరువా తెరిచింది. మందు వేయనివి ఊదాగానే ఉన్నాయి. ఒక మందు కలిపిన మూడు ట్యూబులూ చక్కగా పసుపు రంగుకి తిరిగాయి.

"వచ్చింది! విష్ణూ, వచ్చింది!" అంటూ అతని చెయ్యి పట్టుకుంది.

"నవతా, నువ్వంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చెయ్యి వదల్లేదు.

"ఒక్కసారి చెప్తే నమ్మరాదు."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"ఇంకోసారి."

ఈసారి నవ్వుతూ చెప్పాడు.

"మూడు ఒక్క తీరుగనే ఉన్నయ్," అంది నవత, కళ్ళు దించుకుని. "నా రిజల్ట్ సుత గదే."