పసుపు తేయాకు మూట

మూడు రోజులుగా నాన్న ఇంటికి రాలేదు. ఆయన దాచుకున్న పాత పటమూ కనిపించలేదు. ఎక్కడికి వెళ్ళాడో లాన్‌కు తెలుసు. సిచువాన్ కొండల్లో ఒక గుహ వెనక, వందేళ్ళుగా ఎవరి కంటా పడని తేయాకు చెట్టు ఉందట. దాని చిగుళ్ళతో పసుపు రంగు టీ చెయ్యాలని ఆయనకు పిచ్చి.

జోరువానలో గుహ ముందు నిలబడి మేనమామ గావో ఆమె నడుముకు తాడు కట్టాడు. "నీళ్ళు పెరిగితే మూడుసార్లు గుంజుతా. మీ నాన్న దొరికినా దొరక్కపోయినా వచ్చెయ్యాలి, లానూ!"

లోపల గబ్బిలాలు ముఖానికి కొట్టుకుంటుంటే లాన్ తల వంచుకుని నడిచింది. చీలమండల దాకా ఉన్న నీళ్ళు చూస్తుండగానే మోకాళ్ళు దాటాయి. ప్రాణాలు అరచేత పట్టుకుని మలుపు తిరిగింది. అక్కడ ఒక బండ మీద, నిప్పుల కుంపటి పక్కన, కాగితపు మూట పట్టుకుని నాన్న!

"నాన్నా! వరద! లే!"

"అరవకు. చెట్టు దొరికిందే! నిన్న కొండచరియ విరిగి దాన్ని మింగేసింది. ఇక మిగిలింది ఈ మూటే. ఇంకొక్క గంట!"

వేయించిన చిగుళ్ళను కాగితంలో చుట్టి వెచ్చగా ఉంచితేనే పచ్చదనం పోయి పసుపు రంగు తిరుగుతుంది. మధ్యలో చల్లారితే మూడు రోజుల కష్టం దండగ. అందుకే ఆయన కదలడు.

తాడు మూడుసార్లు గుంజుకుంది. నీళ్ళు నడుముకొచ్చాయి. లాన్ బతిమాలింది, ఏడ్చింది, చెయ్యి పట్టి లాగింది. ఆయన మూటను గుండెలకు ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. ఇక లాభం లేదని ఆమె దాన్ని లాక్కుని, ఆయనకు కనిపించకుండా వెనక్కి తిరిగి చింపేసింది.

తలకు కట్టుకున్న టార్చి వెలుగులో చిగుళ్ళు కనిపించాయి. లేత పసుపు, ఒక్కటి కూడా పచ్చగా మిగల్లేదు. ఉడికిన మొక్కజొన్న వాసన గుప్పుమంది. లాన్ కళ్ళు మూసుకుని అన్నింటినీ వరదలోకి విసిరేసింది.

"ఎంత పని చేశావే!" నాన్న చెయ్యెత్తి బండ దిగాడు. దిగాక మొదటిసారి చుట్టూ చూశాడు. "ఇన్ని నీళ్ళు ఎప్పుడొచ్చాయమ్మా?"

"లాగు మావయ్యా! లాగు!" లాన్ ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని, తాడు గుంజుతూ అరిచింది.

మునుగుతూ, తేలుతూ, రాళ్ళకు ఒరుసుకుంటూ ఇద్దరూ బయటపడ్డారు. వాళ్ళ వెనకే గుహ నోరు నీళ్ళతో మూసుకుపోయింది.

నాన్న ఒక రాయి మీద కూలబడి తడి చొక్కా పిండుకున్నాడు. చివరికి ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"రంగు తిరిగిందా?"

"లేదు నాన్నా. ఇంకా పచ్చగానే ఉంది."

"అయితే పోనీలే," అంటూ ఆయన గావో భుజం పట్టుకుని లేచాడు.