జంపఖానాలో ఎక్కువైన సున్న

"మా రక్తం మీకెందుకు? ముందు అది చెప్పుండ్రి," అన్నాడు రాంచందర్, మగ్గం మీద చెయ్యి ఆపకుండానే.

గడపలో వానకు నిలబడ్డ అమ్మాయి పేరు లిదియా. హైదరాబాదులో జన్యుశాస్త్ర పరిశోధకురాలు. కొన్ని ఇళ్లలో పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల ఎందుకు మందగిస్తుందో, అది తరం నుంచి తరానికి ఎట్లా దిగుతుందో కనిపెట్టాలని 1983 వానాకాలమంతా వరంగల్ గల్లీలు తిరుగుతోంది.

"మీ తమ్ముని గురించి దవాఖానల చెప్పిండ్రు."

"నా తమ్ముడు పిచ్చోడు కాదు."

"నేనూ అదే అంటున్న. కొట్లాట లోపల పెట్టుకుందాం, జర జరుగుండ్రి. తడుస్తున్న."

"తడుస్తున్న, తడుస్తున్న," అంటూ తమ్ముడు మొగిలయ్య తన తువ్వాల తెచ్చి ఆమె నెత్తిన కప్పాడు. ఇరవయ్యేళ్ల మనిషి. ఎవరి కళ్లలోకీ చూడడు. విన్న ఆఖరి మాటను గల్లీ కొసదాకా వినబడేట్టు రెండుసార్లు అంటాడు.

గల్లీ దీనికి శాపమని పేరు పెట్టింది. ఒట్టి అడ్డగోలు మాట. సంబంధానికి వచ్చినవాళ్లు మొగిలయ్యను చూసి చాయ్ కూడా ముట్టకుండా లేచిపోయేవాళ్లు. చేనేత సంఘంలో ఎర్రజెండా పట్టి ఎవరికీ జంకకుండా గొంతు చించుకునే రాంచందర్‌కు ఒక్క భయం మాత్రం లోపల కూర్చుంది: తన రక్తంలోనూ అదే ఉంటే? పెళ్లి మాట ఎత్తొద్దని తల్లి లింగమ్మకు చెప్పేశాడు.

చివరికి చెయ్యి చాపాడు. లిదియా సూది తీసింది.

"మగ్గం ఆడించే చెయ్యి సూదికి వణుకుతాందా?"

"సూదికి కాదు," అనేసి నాలిక కరుచుకున్నాడు.

వారానికే ఆమె మళ్లీ వచ్చింది, మొగిలయ్యలాగే ఉండే మేనమామ వయసు రాసుకోవడం మరిచిందట. ఆ తర్వాత పెన్ను మరిచిందట. పెన్ను ఆమె జడలోనే ఉంది. రాంచందర్ చూశాడు, చెప్పలేదు. వెతికినంతసేపు ఉంటుంది కదా.

నాలుగోసారి నిజంగానే ఒక గ్రాఫ్ కాగితం మరిచిపోయింది.

"ఆ బిడ్డ జంపఖానా నమూనా ఇచ్చి పోయినట్టుంది, నెయ్యిరా," అంది లింగమ్మ.

నేతగాళ్లు నమూనా గీసేదీ అట్లాంటి కాగితం మీదే. మూడు వరసలు, గడులు, సున్నలు, మధ్యన గీతలు, రెండు గడులు నలుపు. రాంచందర్‌కు అనుమానమే రాలేదు. ఒక్కటే కంటికి నచ్చలేదు. కింది వరస కొసన ఒక గడి ఒంటరిగా ఉంది. దాని పక్కన ఒక సున్న వేసి, రెంటినీ గీతతో కలిపి, అట్లాగే నేశాడు.

నెల తర్వాత లిదియా ఫలితాలతో వచ్చి జంపఖానా చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది నమూనా కాదండి. మీ ఇల్లు. గడులు మొగోళ్లు, సున్నలు ఆడోళ్లు. ఈ నల్లగడి మొగిలి, పైది మీ మేనమామ."

"మరి కొసకున్నది?"

"మీరు."

"మధ్యల గీత?"

"పెండ్లి."

రాంచందర్ చెవులు కాలిపోయాయి.

"ఈ సున్న నేను గియ్యలే. ఎవరామె?"

"బోసిగ ఉందని ఏసిన. మూడుసార్లు ఇప్పి నేసిన. మగ్గం మీద గుండ్రం అంత తొందరగ రాదు."

"ఇంత కష్టపడ్డరా ఆమె కోసం?"

"ఇప్పేస్త తియ్యుండ్రి. నా రక్తంల ఏముందో తెల్వకుండ పక్కన ఎవర్నీ పెట్టద్దు."

లిదియా సంచిలోంచి కాగితం తీసింది. "మొగిలి ఎక్స్ క్రోమోజోముల ఉన్న గుర్తు మీ దాంట్ల కనవడలే. నూటికి నూరు గ్యారంటీ ఏ సైన్సూ ఇయ్యదు. నేను అబద్ధం చెప్ప."

"కనవడి ఉంటే?"

"ఫలితం రాకముందే నాలుగుసార్లు వచ్చిన. పెన్ను కోసమనుకున్నరా?"

బయట వాన ధన్ ధన్ కొడుతోంది. లోపల రాంచందర్ గుండె అంతకంటే ఎక్కువ.

"మేం చర్చికి పోయేటోళ్లం," అంది ఆమె. "మా నాయన డోర్నకల్ల రైల్వే గార్డు. ఈ పెండ్లికి ఎర్రజెండా ఊపుతడు."

"ఎర్రజెండాతోనే తిరుగుత నేను. ఆ ఫికర్ నాకిడువు," అన్నాడు. అని, గొంతు తగ్గించాడు. "ఆ సున్నకు నీ పేరు పెట్టుకోనా?"

ఎవరికీ వినబడకుండా, పెదవులు కదిలీ కదలక, లిదియా అంది: "సరే."

వెనకే కూర్చున్న మొగిలయ్య ఒక్క దూకులో వాకిట్లోకి పోయాడు.

"సరే, సరే."

గల్లీలో మగ్గాలన్నీ ఆగాయి. లింగమ్మ చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది, పెద్దది.