నాడి తప్పిన చప్పుడు

"ఆమెని ఎవరూ ఎత్తుకుపోరు. మనమే స్ట్రెచర్ ఎక్కించి సాగనంపుతాం. ముఠా ప్లాన్ అదీ!" అన్నాడు చీఫ్.

ఆమె రక్షణశాఖకు కోడ్‌లు రాసే నిపుణురాలు. ఇప్పుడు ఏడో నెల. ఆసుపత్రిలో డిపార్ట్‌మెంట్ మనిషి ఒక్క డాక్టరమ్మే. మెరిసే అందం, రెండు పాస్‌పోర్టులు. ఏజెంట్ పాముచెవికి ఆ రెండో పాస్‌పోర్టే నచ్చలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. జీతం తీసుకునేవాడు మాత్రం పట్టి తీరాలి.

వారంగా నిపుణురాలికి బాబాయి వేషంలో వార్డులోనే ఉన్నాడు. ఆ రోజు స్కానింగ్ గదిలోకి తోడెళ్లాడు.

"గొడుగు తెచ్చారా?" అంది డాక్టరమ్మ.

"ఎండకి తెచ్చాను."

కోడ్ కలిసింది, మనసు కలవలేదు. రోజూ స్కాన్ చేసే టెక్నీషియన్‌కు ఇవాళే సెలవెందుకు ఇచ్చినట్టు?

డాక్టరమ్మ నిపుణురాలి పొట్టమీద స్కాన్ యంత్రం ప్రోబ్ ఆనించింది. గర్భసంచికి వెళ్లే తల్లి రక్తం చప్పుడు స్పీకర్లో మొదలైంది. హుష్... టక్... హుష్. మధ్యమధ్య తెగుతోంది.

"బిడ్డకి రక్తం సరిగ్గా అందట్లేదు. మేడమీద హెలికాప్టర్ రెడీగా ఉంది. పదండి!"

"బాబాయ్, నా బిడ్డ..."

"నేనున్నాను కదమ్మా." పాముచెవి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నటన కాదు, నిజంగానే గుండె తరుక్కుపోయింది.

స్ట్రెచర్ లిఫ్టులోకి చేరింది. స్కాన్ చేసే ఆ చిన్న యంత్రం ఆమె కాళ్ల దగ్గరుంది. ప్రోబ్ తియ్యకుండానే డాక్టరమ్మ పై అంతస్తు బటన్ నొక్కింది.

అతని వేళ్లకింద నాడి పరుగులు తీస్తోంది. స్పీకర్లో చప్పుడు మాత్రం తీరిగ్గా నడుస్తోంది. బిడ్డ గుండెదైతే వేరే లెక్క. తల్లి రక్తనాళం తల్లి నాడితోనే కొట్టుకోవాలి. టెక్నీషియన్ స్కాన్ చేస్తూ ఎప్పుడూ మణికట్టు పట్టుకునేది అందుకే! డాక్టరమ్మ ఒక్కసారీ పట్టుకోలేదు.

పాముచెవి ప్రోబ్ లాగేశాడు. అది గాల్లో ఉంది. హుష్... టక్... హుష్. చప్పుడు ఆగలేదు.

"ఎవరి రికార్డింగ్ డాక్టరమ్మా ఇది?"

ఆమె చెయ్యి జేబులోని సిరంజి మీదకు పోయింది. పాముచెవి ఒంటిచేత్తోనే దాన్ని విరిచి, తలుపులు పూర్తిగా తెరుచుకునేలోగా కింది అంతస్తు బటన్ గుద్దాడు. మేడమీద పైలట్ల బూట్లు సందులో కనిపించాయి, తలుపులు మూసుకున్నాయి.

కింద, ఆసుపత్రి బయట కాపున్న డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి డాక్టరమ్మకు బేడీలు వేశారు. ఇంటినుంచి పిలిపిస్తే టెక్నీషియన్ పరుగున వచ్చి మళ్లీ స్కాన్ చేసింది. ఈసారి చప్పుడు నాడితో సమంగా, ఎక్కడా తెగకుండా వచ్చింది. నిపుణురాలు భోరుమని ఏడ్చింది. పాముచెవి కళ్లూ చెమర్చాయి.

కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుంది.

"బాబాయ్, ఇక వదలండి. చెయ్యి తిమ్మిరెక్కింది."